మా ఇంటి మూడు పౌడర్లు: పాపకి మానేసింది, కొత్తగా కొన్నది, నాన్న ఛాతీలోకి వెళ్లింది

ఈ ఏడాది మా ఇంట్లో మూడు రకాల పౌడర్లు వాడాం. ఒకటి అమ్మ ఎన్నో ఏళ్లుగా కొంటున్న టాల్కమ్ పౌడరు. రెండోది మనవరాలి కోసం తెప్పించిన మొక్కజొన్న పిండి పౌడరు. మూడోది ఏ ఫ్యాన్సీ షాపు బీరువాలోనూ దొరకదు. చిన్న గాజు సీసాలో వచ్చింది, గొట్టం గుండా నాన్న ఛాతీలోకి వెళ్లింది. మొదటిదీ మూడోదీ ఒకే రాయి నుంచి వచ్చినవి. ఆ రాయిని ఒక చోట వద్దని దాచేసి, ఇంకో చోట దణ్ణం పెట్టి తీసుకున్నాం. అందుకే మూడింటి గురించీ ఒకేచోట రాస్తున్నాను.

నేను విజయనగరానికి దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా అమ్మాయి పురిటికి మా ఇంటికి వచ్చింది. పాపకి మూడో నెల నడుస్తుండగా ఏప్రిల్ ఎండలు మొదలయ్యాయి. నీళ్లు పోసేది మా అమ్మే. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పాపని బోర్లా వేసుకుని, పెసరపిండితో రుద్ది నీళ్లు పోస్తుంది. డెబ్బై దాటినా ఆ చేతులు వణకవు. ఆ తర్వాత పౌడరు, కాటుక, బుగ్గన దిష్టి చుక్క. మా ముగ్గురినీ అలాగే పెంచింది.

ఆ రోజు పాపని పాత చీర మడత మీద పడుకోబెట్టి, అమ్మ డబ్బా తలకిందులు చేసి రెండుసార్లు దులిపింది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా మంచం మీద పడుతోంది. పౌడరు కొంతే కిందికి రాలింది. మిగతాది ఆ వెలుగులో సన్నటి పొగలా లేచి, ఫ్యాను గాలికి సుళ్లు తిరుగుతూ పాప ముఖం చుట్టూనే ఉండిపోయింది. ముందు ఒక తుమ్ము. ఆ తర్వాత దగ్గు పట్టుకుంది, గుక్క తిప్పుకోలేకపోయింది. ముఖం కందిపోయింది. మా అమ్మాయి భుజాన వేసుకుని వీపు నిమురుతుంటే రెండు నిమిషాలకి కుదుటపడి ఏడ్చింది. ఆ ఏడుపు వినేదాకా మేం ముగ్గురం మాట్లాడలేదు.

సాయంత్రం పిల్లల డాక్టరు గారికి చూపించాం. ఛాతీ విని బాగానే ఉందన్నారు. "పౌడరు పాపకి అవసరమే లేదమ్మా. ఇది రాతిపొడి, లోపలికి పోతే కరగదు. ఎక్కువ పీలిస్తే సన్నటి గాలి గొట్టాల్లో పేరుకుంటుంది. పసిపిల్లలకి ప్రాణం మీదికి రావచ్చు" అన్నారు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం కూడా పసిపిల్లలకి పౌడరు వాడొద్దని చాలా కాలంగా చెబుతోంది. ఇంటికొచ్చాక అమ్మ మనసు నొచ్చుకుంది. "ఏటే, మీ ముగ్గుర్నీ దీంతోనే పెంచాను గదా, ఏటయింది మీకు?" అంది. ఏమీ కాలేదన్నది నిజమే. అమ్మ ప్రేమలో లోటు లేదన్నదీ నిజమే. కానీ ఆ ఎండలో పొగ నా కళ్లతో చూశాను. ఇక ఆ డబ్బాని పాప ఉండే గదిలోకి రానివ్వలేదు.

పాప ఒంటి మీద ఏమీ వేయకపోతే అమ్మకి తోచదు. నీళ్లు పోసిన పిల్ల పౌడరు వాసన రాకపోతే ఆవిడకి పని సగంలో ఆగినట్టే. అందుకని మొక్కజొన్న పిండితో చేసిన బేబీ పౌడరు తెప్పించాం. కంటోన్మెంట్ వైపు ఉన్న మెడికల్ షాపులో 100 గ్రాముల డబ్బా 135 రూపాయలు. మామూలు టాల్క్ కంటే ఖరీదు ఎక్కువే. వెనక చదివితే మొక్కజొన్న పిండి, ట్రైకాల్షియం ఫాస్ఫేట్, సువాసన అని మూడే ఉన్నాయి.

వంటింటి గట్టు మీద రెండు స్టీలు గ్లాసుల్లో నీళ్లు పోసి రెండు పౌడర్లనీ పరీక్ష చేశాను. టాల్క్ ఒక చిటికెడు వేస్తే నీళ్ల మీద తెల్లటి పొరలా తేలింది. చెంచాతో కలిపినా చాలావరకు మళ్లీ పైకే వచ్చింది. సబ్బు అంటించిన వేలు పెడితే పొర అంతా చటుక్కున గ్లాసు అంచులకి పారిపోయింది. తలతన్యత, అంటే నీటి పైతలం బిగువు, పాఠంలో పిల్లలకి చూపించేది ఇదే. మొక్కజొన్న పిండి కాసేపట్లో తడిసి కిందికి దిగింది, నీళ్లు పాలలా అయ్యాయి. తర్వాత రెండు కుప్పలు పోసి, ఒక్కో నీటిచుక్క వేశాను. టాల్క్ మీద చుక్క గుండ్రంగా, తామరాకు మీద నీటిబొట్టులా నిలబడింది. పిండి చుక్కని తాగేసింది.

టాల్క్ చెమటని పీల్చేస్తుందని మనం అనుకుంటాం. అసలు దాని గొప్పతనం జారుడుతనంలో ఉంది. దాని రసాయన పేరు హైడ్రేటెడ్ మెగ్నీషియం సిలికేట్. పొరలు పొరలుగా ఉంటుంది, ఆ పొరల మధ్య పట్టు చాలా తక్కువ. వేళ్ల మధ్య రుద్దితే ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలులో వజ్రానిది 10, టాల్క్‌ది 1. గోరుతో గీసినా గీత పడుతుంది. మనకిది కొత్త రాయేమీ కాదు, తెలుగులో బలపపు రాయి అంటే ఇదే. కర్నూలు, అనంతపురం వైపు గనులున్నాయి. చంకల్లో, మెడ మడతల్లో, తొడల మధ్య చర్మం ఒరుసుకుపోకుండా హాయిగా అనిపించేది ఆ జారుడువల్లనే. చెమట ఎక్కువగా పట్టేవాళ్లకి అది చిన్న సుఖం కాదు.

మరి పిండి పౌడరు? రెండు నెలలు వాడాక నా మాట చెబుతాను. చేతికి టాల్క్ అంత నున్నగా ఉండదు, కొంచెం కిరకిరలాడుతుంది. వాసన తేలిక, అమ్మకి అది చాలలేదు. పొడి చర్మం మీద బాగానే పనిచేస్తుంది. అసలు ఇబ్బంది మే నెలలో, సముద్రపు గాలి తేమకి ఒళ్లు జిడ్డు కారేటప్పుడు వచ్చింది. పాప పాలు కక్కితే అవి మెడ మడతలోకి జారతాయి. అక్కడ ఈ పౌడరు ఉంటే గంజి గడ్డకట్టినట్టు తయారవుతుంది. ఒకసారి మడత విప్పి చూస్తే తెల్లటి ముద్ద, దాని కింద ఎర్రగా ఒరిసిపోయిన చర్మం. గోరువెచ్చటి నీళ్లతో మెత్తని గుడ్డ పెట్టి తీయడానికి పావుగంట పట్టింది. డబ్బాని బాత్‌రూములో పెడితే పదిరోజుల్లో ఉండలు కట్టింది కూడా. పిండే కదా అని ముఖం దగ్గర దులపకూడదు, అదీ ఊపిరిలోకి పోయే దుమ్మే.

ఇప్పుడు మేం చేసేది చెబుతాను. నీళ్లు పోశాక మడతలన్నీ పాత నూలు గుడ్డతో అద్ది ఆరబెడతాం. పది నిమిషాలు బట్టలు లేకుండా గాలికి వదిలేస్తాం. అమ్మ తృప్తి కోసం చిటికెడు పౌడరు, అదీ పాపకి దూరంగా, అటు తిరిగి అరచేతిలో పోసుకుని, రెండు చేతులూ రుద్దుకుని, వీపు మీద మాత్రం రాస్తుంది. డైపరు దగ్గర ఎర్రబడితే పౌడరు జోలికి వెళ్లం. జింక్ ఆక్సైడ్ క్రీము పలచగా రాస్తాం. ఎరుపు తగ్గక చుట్టూ చిన్న చిన్న పొక్కులు కనిపిస్తే అది ఫంగస్ కావచ్చని, మళ్లీ చూపించమని డాక్టరు గారు చెప్పారు.

ఈ గొడవంతా జరుగుతుండగా మా అమ్మాయి ఫోన్లో చదివి చదివి భయపడింది. "అమ్మా, దీనివల్ల క్యాన్సర్ అంట" అని రాత్రి పదకొండింటికి నన్ను లేపింది. టెన్షన్ పడకుండా ఇద్దరం కూర్చుని ఏది ఎంతవరకు నిజమో విడదీశాం. భూమిలో టాల్క్ ఉన్న చోటే ఒక్కోసారి ఆస్బెస్టాస్ అనే నార లాంటి ఖనిజం కూడా ఉంటుంది. రెండూ ఒకే రకం రాళ్లలో పుడతాయి. ఆస్బెస్టాస్ క్యాన్సర్ తెస్తుందన్న దాంట్లో సందేహం లేదు. అది కలిసిన టాల్క్‌ని కూడా ఆ కోవలోనే చేర్చారు. అందుకే గని ఎంపిక దగ్గర, ఫ్యాక్టరీలో పరీక్ష దగ్గర జాగ్రత్త కావాలి. ఆస్బెస్టాస్ లేని టాల్క్ సంగతి వేరే. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2024 జూలైలో దాన్ని 2ఏ వర్గంలో పెట్టింది. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉందని దాని అర్థం. ఎర్ర మాంసం, రాత్రి డ్యూటీలు కూడా అదే వర్గంలో ఉన్నాయి. ఆ వర్గాలు సాక్ష్యం ఎంత బలంగా ఉందో చెబుతాయి, ఎంత వాడితే ఎంత ముప్పో చెప్పవు.

ఆడవాళ్లు మర్మాంగాల దగ్గర పౌడరు వాడితే అండాశయ క్యాన్సర్ వస్తుందా అన్నది ఎక్కువ వాదన జరిగిన విషయం. కొన్ని పరిశీలనల్లో సంబంధం కనబడింది. 2020లో అమెరికాలో రెండున్నర లక్షల మంది ఆడవాళ్ల వివరాలు కలిపి చూసినప్పుడు స్పష్టమైన సంబంధం తేలలేదు. జాన్సన్ అండ్ జాన్సన్ తన టాల్క్ సురక్షితమేనని చెబుతూనే, వేల కోర్టు కేసుల నడుమ 2020లో అమెరికా, కెనడాల్లో టాల్క్ బేబీ పౌడరు అమ్మకం ఆపేసింది. 2023లో ప్రపంచమంతటా ఆపి మొక్కజొన్న పిండికి మారింది. నాకు అర్థమైంది ఇంతే: మెడకో చేతులకో రాసుకున్న పౌడరు గురించి నిద్ర మానుకోనక్కర్లేదు. లోదుస్తుల్లో, ప్యాడ్ మీద మాత్రం వద్దు, ఎందుకంటే అక్కడ దాని అవసరమే లేదు. మా స్కూల్లో తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు నెలసరి రోజుల్లో వాసన రాకుండా ప్యాడ్ మీద పౌడరు చల్లుకుంటారు. ఈ ఏడాది వాళ్లని విడిగా కూర్చోబెట్టి చెప్పాను. ప్యాడ్ నాలుగైదు గంటలకోసారి మార్చుకోండి, నీళ్లతో కడుక్కోండి, ఇంకేమీ వద్దు అని. ఒక పిల్ల "మరి నీళ్లు లేకపోతే టీచర్?" అని అడిగింది. మర్నాడే హెడ్మాస్టర్ గారి దగ్గరికి వెళ్లి ట్యాంకు కుళాయి బాగు చేయించాను.

జూన్‌లో నాన్న సంగతి ముదిరింది. నాన్న జ్యూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు చుట్టలు తాగారు. గత కార్తీకంలో ఊపిరితిత్తి క్యాన్సర్ అని తేలింది. ఆ జబ్బువల్ల కుడివైపు ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరేది. మంచం మీంచి గుమ్మం దాకా నడిస్తే ఆయాసం. రాత్రి వెల్లకిలా పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చునేవారు. విశాఖలో ఒక ఆసుపత్రిలో సూదితో లీటరున్నర తీశారు. రెండు రోజులు బాగున్నారు. పదో రోజుకి మళ్లీ నిండింది. మళ్లీ తీశారు, మళ్లీ నిండింది. అప్పుడు ఛాతీ డాక్టరు గారు "ఇలా తీస్తూ పోతే తాతగారు నీరసించిపోతారు. నీరు చేరే జాగాయే లేకుండా అతికించేద్దాం" అన్నారు. దేనితో అని అడిగితే "టాల్క్‌తో" అన్నారు. ఒక్క క్షణం నాకు ఆ కిటికీ వెలుగులోని పొగే కళ్లముందు కదిలింది.

ఊపిరితిత్తి మీద ఒక పొర, ఛాతీ గోడ లోపల ఒక పొర ఉంటాయి. నీరు చేరేది ఆ రెండింటి మధ్య. ముందు గొట్టం వేసి నీరంతా తీస్తారు. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందని ఎక్స్‌రేలో చూసుకుంటారు. అప్పుడు స్టెరైల్, అంటే క్రిమిరహితం చేసిన, టాల్క్‌ని సెలైన్లో కలిపి గొట్టంలోంచి పంపిస్తారు. టాల్క్ ఆ పొరల్ని రేపి, వాపు పుట్టిస్తుంది. వాపు మానేటప్పుడు రెండూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మధ్య ఖాళీ లేకపోతే నీరు చేరే చోటు ఉండదు. దీన్ని ప్లూరోడెసిస్ అంటారు. ఇది ఈనాటిది కాదు. కెనడా సర్జన్ నార్మన్ బెథూన్ 1935లోనే టాల్క్‌ని ఇలా వాడాడు. ఆ తర్వాత చైనా వెళ్లి సైనికులకి వైద్యం చేస్తూ 1939లో చనిపోయింది ఆయనే. చైనా సైనికులకి వైద్యం చేయడానికి ఇక్కణ్నుంచి వెళ్లిన మన డాక్టర్ కోట్నీస్ పనిచేసింది ఆయన పేరు పెట్టిన ఆసుపత్రిలోనే.

ఇక్కడ ఒక పొరపాటు జరగబోయింది. ఆ మందు బయట కొనుక్కు రమ్మని చీటీ రాసిచ్చారు. 'స్టెరైల్ టాల్క్' అని రాసి పక్కన గ్రాములు వేశారు. మా తమ్ముడు వీధిలోని ఒక మందుల షాపుకెళ్తే, కౌంటర్లో కుర్రాడు చీటీ సరిగా చూడకుండా ఒంటికి చల్లుకునే పౌడరు డబ్బా కవర్లో వేసి ఇచ్చాడు. తమ్ముడు నమ్మి తెచ్చాడు. వార్డులో సిస్టర్ కవరు విప్పి చూసి, "ఇది పైపూతది బాబూ. ఇందులో సెంటు ఉంటుంది, క్రిములు ఉండొచ్చు. ఛాతీలోకి వెళ్లేది ఇది కాదు, వెళ్లి మార్చుకురండి" అని మెల్లగా చెప్పింది. మూడో షాపులో దొరికింది. బొటనవేలంత సీసా, లోపల అచ్చం అమ్మ డబ్బాలోని పొడిలాంటిదే. కానీ అది క్రిమిరహితం చేసినది. రేణువుల సైజు కూడా చూసి తయారుచేస్తారు. మరీ సన్నటి రేణువులు రక్తంలోకి దాటిపోయి రెండు ఊపిరితిత్తుల్నీ దెబ్బతీసే ప్రమాదం ఉంటుంది. మందుల విషయంలో చీటీని షాపతని చేతికిచ్చి ఊరుకోకండి, తెచ్చింది సిస్టర్‌కి చూపించి అడగండి. ఆ రోజు ఆ సిస్టర్ తొందరపడి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది.

ముందు గొట్టంలోకి మత్తుమందు పంపారు. తర్వాత పెద్ద సిరంజిలో తెల్లగా, పలచటి మజ్జిగలా కనబడే టాల్క్ నీళ్లు. ఎక్కించేముందు సిరంజిని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నారు, లేకపోతే పొడి విడిపోయి ఒకచోట చేరుతుందట. గొట్టం క్లిప్పు పెట్టి మూసి, వేలికి ఆక్సిజన్ చూసే మిషను తగిలించారు. నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. నొప్పి వచ్చింది, మాట ఆగిపోయేంత. ఇంజెక్షన్ ఇచ్చాక తగ్గింది. ఆ రాత్రి 101 జ్వరం. అది వస్తుందని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. రోజుకి వచ్చే నీరు 150 మిల్లీలీటర్లకంటే తగ్గాక నాలుగో రోజు గొట్టం తీసేశారు. ఇది అందరికీ ఒక్కసారికే అతుకుతుందని హామీ లేదు, ఊపిరితిత్తి విచ్చుకోకపోతే అసలు చేయరు. క్యాన్సర్‌ని తగ్గించే మందు కూడా కాదు. కానీ గొట్టం తీసిన ఆ రాత్రి నాన్న వెల్లకిలా పడుకుని తెల్లారేదాకా నిద్రపోయారు. పక్క కుర్చీలో కూర్చుని ఆ నిద్రనే చూస్తూ ఉండిపోయాను. ఈ మూడు పౌడర్లలో నేను పూర్తి మార్కులు వేసేది దీనికే.

ఇంటికొచ్చాక అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది. "ఒలే, నలభై ఏళ్లు మీ నాన్న మెడకీ వీపుకీ పౌడరు నేనే రాశానే. ఈ జబ్బు దానివల్లేనా?" ఆ ప్రశ్న ఎన్నాళ్లనుంచి మోస్తోందో. మర్నాడు డాక్టరు గారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. "ముప్పై ఏళ్ల చుట్టలు కళ్లముందు ఉండగా పౌడరు మీద పెట్టకండమ్మా. మీ తప్పేం లేదు" అన్నారు ఆయన. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లి అన్నం వార్చింది.

ఇక మందు కలిపిన పౌడర్లు. మా ఆయన రోజూ బండి మీద బొబ్బిలి వెళ్లొస్తారు, వీపంతా చెమటకాయలు. ఆయనకి మెంథాల్ ఉన్న చెమటకాయల పౌడరు పడింది, చల్లగా ఉంటుంది, దురద తగ్గుతుంది. వాటిలో కొన్నింట్లో బోరిక్ యాసిడ్ ఉంటుంది. అది పసిపిల్లల ఒంట్లోకి ఇంకితే విషం, కాబట్టి పెద్దల చెమటకాయల డబ్బా పిల్లల దగ్గరికి రాకూడదు. తామర వస్తే మామూలు పౌడరు దాన్ని తగ్గించదు. ఫంగస్‌కి వాడే క్లోట్రిమజోల్ మందు ఉన్న పౌడరు తడి చేరకుండా సాయపడుతుంది, దాంతోపాటు డాక్టరు రాసిన క్రీము కావాలి. షాపులో అడిగితే ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు మాత్రం రాయకండి. మా స్టాఫ్‌రూములో ఇద్దరికి అలా రాసి రాసి నడుము చుట్టూ పాకింది.

కొనేటప్పుడు డబ్బా వెనక తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడండి. తీర్థాల్లో, జాతరల్లో పేరూ ఊరూ లేని రంగు డబ్బాలు చవకగా వస్తాయి. వాటిలోని రాయి ఏ గనిదో, ఎవరు పరీక్ష చేశారో తెలిసే దారి లేదు. ముఖానికి రాసుకునేదానికి ఇరవై రూపాయలు మిగుల్చుకోవడం నాకైతే సమ్మతం కాదు.

పాపకిప్పుడు ఆరో నెల. పిండి పౌడరు డబ్బాలో ఇంకా సగం ఉంది, అయిపోతే మళ్లీ కొనం. అమ్మ పాత డబ్బా నాన్న గదిలో అలమరా పై అరలో ఉంది. స్నానం చేశాక నాన్నే అడుగుతారు. అమ్మ ముందు పాపని మా అమ్మాయికి అందించి, తలుపు దగ్గరకి వేసి, అరచేతిలో చిటికెడు పోసుకుని ఆయన మెడ వెనక రాస్తుంది.